నిలబడ్డ తలుపులు

"జీపెక్కండి" అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు.

"ఎక్కను" అంది తలుపులాయన భార్య.

"ఎక్కకపోతే మా వాళ్ళతో ఎత్తి కూర్చోబెట్టిస్తాను."

"కానివ్వండి. ముందు పడ్డ చేతిని కొరుకుతా. నా మొగుడు దొరికేదాకా ఈ ఊళ్ళోంచి అడుగు బయటపెట్టను."

ఊరంటే ఊరు కాదది. ఒకప్పుడు ఉప్పు కంపెనీ తన కూలీల కోసం ఎడారి మధ్యలో కట్టించిన రెండు వీధుల ఇళ్ళు. బావి ఎండిపోయిందని కంపెనీవాళ్ళు చెప్పగానే జనమంతా లేచిపోయారు. అప్పటినుంచీ ఇసుకే కాపురం చేస్తోంది అక్కడ. కిటికీ గట్లెక్కి, పొయ్యిలో కూర్చుని, మంచాలుండే చోట పడుకుని, సొంతిల్లులాగే వాడుకుంటోంది. పగలు చూస్తేనే గుండె జారే చోటు. అలాంటి చోట ఇద్దరు ఆడవాళ్ళూ, ఒక పసిపిల్లా చిక్కుకుని ఉంటే, వాళ్ళతో మాట్లాడే పద్ధతా అది?

అప్పుడే చిన్న కారొకటి ఇసుకలో ఈదుకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి ముందు నల్ల గొడుగు దిగింది. దాని వెనకాల ఆయాసపడుతూ ఒక లావుపాటి ఆవిడ దిగింది. యాభై దాటిన వయసు, జారిపోయే కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పి. డిటెక్టివ్ అంటే ఎవరూ నమ్మరు. పేరు పెట్టి పిలిచేవాళ్ళూ లేరు, అందరికీ గొడుగమ్మే.

"వచ్చారా?" అన్నాడు ఆఫీసరు, పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టి. "ఎడారిలో వాన పడుతుందని ఎవరు చెప్పారండీ మీకు?"

"మీరున్నచోట ఏదో ఒకటి పడుతుందిలెండి. నిజం మీద ఇంత మట్టయినా పడుతుంది."

వాళ్ళిద్దరికీ పాత లెక్కలున్నాయి. ఈయన పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక పాలవాణ్ణి దొంగని చేసి లోపల వేస్తే, గొడుగమ్మ వెళ్ళి అసలు దొంగని చెవి పట్టుకుని తెచ్చింది. తరవాతే ఈయన ఆ ఉద్యోగం వదిలి కంపెనీలో చేరాడు. ఆ కచ్చ ఇంకా చల్లారలేదు.

గొడుగమ్మ ఆయన్ని వదిలేసి గోడ నీడన కూర్చున్న పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఏడేళ్ళుంటాయేమో. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. పెదవులు పగిలి రక్తపు చార కట్టాయి. పక్కనే నాయనమ్మ, కొంగుతో పిల్లకి విసురుతోంది.

"పిల్లకి నీళ్ళిచ్చారా?" అని అడిగింది గొడుగమ్మ, వెనక్కి తిరగకుండానే.

"దారిలో ఇప్పిస్తాం. ముందు జీపెక్కమనండి."

"ఎక్కితేనే నీళ్ళా? ఎక్కకపోతే లేవా?" గొడుగమ్మ గొంతు ఒక్క మెట్టు పైకి లేచింది. "మీకు పిల్లల్లేరా? లేక వాళ్ళకీ ఇలాగే బేరం పెడతారా?"

ఆవిడ తన కారులోని సీసాలు తెచ్చి ఇచ్చింది. ముసలావిడ ముందు పిల్లకి పట్టింది, తరవాత కోడలికి ఇచ్చింది, అడుగున మిగిలినదాంతో తన పెదాలు తడుపుకుంది.

"మీ అన్నయ్య పంపాడమ్మాయ్ నన్ను" అంది గొడుగమ్మ, తలుపులాయన భార్య పక్కన చతికిలబడుతూ. "రోడ్డు సర్వే వాళ్ళెవరో మిద్దె మీద మీరు చీర ఊపడం చూశారట. మీ అన్నయ్య పోలీసుల దగ్గరికి పోతే, అది కంపెనీ జాగా, కంపెనీనే అడుక్కో అన్నారట. ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చాడు. చెప్పు. మొదటినుంచీ చెప్పు."

ఆ అమ్మాయి చెప్పింది. వాళ్ళది పాత తలుపుల పని, అందుకే మొగుణ్ణి అందరూ తలుపులాయన అంటారు. మనుషులు వదిలేసిన ఇళ్ళకి వెళ్ళి తలుపులు, కిటికీ రెక్కలు, ద్వారబంధాలు జాగ్రత్తగా ఊడదీసి అమ్ముకుంటారు. ఎక్కడికి వెళ్ళినా ఇంటిల్లిపాదీ వెళతారు. కంపెనీ ఈ ఊరి తలుపులన్నీ అమ్మకానికి పెడితే, ఒక కాంట్రాక్టరుతో కలిసి కొన్నారు. లారీ మొదటి లోడు వేసుకుని వెళ్ళింది, మర్నాడే నీళ్ళూ తిండీ తీసుకుని వస్తానని. రాలేదు. ఈలోగా ఇసుకగాలి మొదలైంది.

"గాలి వస్తే ఏదో ఒక ఇంట్లో దూరి తలుపేసుకోవచ్చుగా?"

ఆ అమ్మాయి నవ్వబోయి, నవ్వలేకపోయింది. "తలుపేదండీ? రెండు వీధుల్లోనూ ఒక్కటి మిగల్చకుండా మేమే ఊడదీశాం. రాత్రంతా మొహాల మీద ఇసుక. పిల్ల దగ్గి దగ్గి నీలంగా అయిపోయింది. మొన్న మధ్యాహ్నం ఆయన, గిడ్డంగిలో పెట్టినవాటిల్లోంచి ఒక తలుపు తెచ్చి మళ్ళీ బిగిస్తాను, ఈ రాత్రయినా పిల్ల నిద్రపోతుంది అని వెళ్ళారు. అంతే."

"వెళ్ళి చూశావా?"

"గుమ్మంలోంచి కేకేశాను. లోపల చీకటి. తలుపులు తప్ప మనిషి లేడు."

"ఉండడు" అన్నాడు ఆఫీసరు, బూటుతో ఇసుక తన్నుతూ. "పారిపోయినవాడు ఎలా ఉంటాడు? చూడండి గొడుగమ్మగారూ, మీరు కష్టపడక్కర్లేదు. కేసు నేను తేల్చేశాను." జీపులోంచి ఒక గోనెసంచీ తెచ్చి దబ్బున పడేశాడు. ఉలి, సుత్తి, పట్టకారు గలగలమన్నాయి. "పనిముట్ల సంచీ. ఇవాళ పొద్దున రోడ్డు మలుపులో దొరికింది. మూతి తెరుచుకుని పడి ఉంది. పెళ్ళాంపిల్లల్ని ఇక్కడ వదిలేసి, ఏదో బండెక్కి పోయాడు. బరువెందుకని ఇది పారేశాడు."

"నోరు కడుక్కుని మాట్లాడండి!" ఆ అమ్మాయి లేచి నిలబడింది. "ఆయన కోపమొస్తే నన్నయినా వదిలేస్తాడేమో గానీ ఆ ఉలిని వదలడు. పక్కలో పెట్టుకుని పడుకుంటాడు దాన్ని!"

"నిజమే, నేనే తిడుతుంటాను" అంది ముసలావిడ.

గొడుగమ్మ సంచీని బోర్లించింది. పనిముట్లన్నీ పడ్డాయి. సంచీ మూలలు వేళ్ళతో తడిమి చూసింది. తరవాత తన చెప్పు తీసి దులిపింది, చారెడు ఇసుక రాలింది. కొంగు దులిపింది, రాలింది. పిల్ల జుట్టు వేలితో కదిపింది, అందులోంచీ రాలింది.

"గాలి ఎప్పుడాగింది?"

"నిన్న రాత్రి భోజనాల వేళకి. భోజనం లేదనుకోండి" అంది ఆ అమ్మాయి.

"ఆఫీసరుగారూ, నేను కారు దిగి ఎంతసేపయింది? నా చెప్పులో ఇంత ఇసుక. మొన్ననగా పారేసిన సంచీ, మూతి తెరుచుకుని, ఒక రాత్రీ రెండు పగళ్ళూ గాలిలో పడి ఉంది. దీంట్లో చిటికెడు ఇసుక లేదు. గాలి పక్కకి తప్పుకుని పోయిందంటారా, మీ కంపెనీ సరుకని మర్యాదిచ్చి?"

ఆఫీసరు మొహం గట్టిపడింది. "గాలి ఆగాక పారేసి ఉండొచ్చు."

"ఓహో. మొన్న పారిపోయినవాడు నిన్న రాత్రి వెనక్కొచ్చి, సంచీ పారేసి, మళ్ళీ పారిపోయాడు. పాపం, తీరిక దొరకలేదు కాబోలు మొదటిసారి."

పిచ్చుక కిసుక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వడం చూసి నాయనమ్మ కళ్ళొత్తుకుంది.

"సాయంత్రానికి ఈ దారి గేటు మూసేస్తున్నాం" అన్నాడు ఆఫీసరు, ఈసారి మర్యాద తగ్గించి. "పై నుంచి ఆర్డరు. ఆ తరవాత ఇటు ఎవరూ రారు. వీళ్ళు ఉంటారో, పోతారో నాకు తెలీదు."

అదీ సంగతి. గేటు మూసేస్తే, కాగితాల్లో తలుపులాయన పారిపోయినవాడిగా మిగిలిపోతాడు. ఎక్కడున్నాడో అక్కడ శవంగా మిగిలిపోతాడు. సూర్యుడు అప్పటికే పడమటి వీధి కప్పులమీదికి దిగాడు.

గొడుగమ్మ ముసలావిడ దగ్గరికి జరిగింది. "పెద్దమ్మా, మీరేం చూశారు? ఏం విన్నారు? పిచ్చిదని అనుకుంటారేమోనని దాచుకోకండి."

"చూసిందేం లేదు తల్లీ. విన్నాను. ఈ ఊరు మూలిగేది."

"నేల గురక పెట్టేది" అంది పిచ్చుక. "చెవి ఆనిస్తే వినపడేది. ఊఁ... అని."

"మాటలా అవి?" అన్నాడు ఆఫీసరు. "ఎండదెబ్బ."

"నాకు ఈ ఊరి ఎండ కొత్తేం కాదు నాయనా" అంది ముసలావిడ. "రెండో వీధి చివరింటికి కోడలిగా వచ్చాను నేను. ఉప్పు మళ్ళలో పదేళ్ళు చేశాను. బావి ఎండిపోయింది, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యండి అని మైకు పెట్టి చెప్పారు. ఖాళీ కుండలు నెత్తినపెట్టుకుని నడిచాం. ఈ కొడుకు చంకలో ఉన్నాడు. వీడికన్నా పెద్దది ఒక ఆడపిల్ల, నా వేలు పట్టుకుని నడిచింది. మధ్యలో ఆగిపోయింది. నీళ్ళడిగి అడిగి ఆగిపోయింది." ఆవిడ పిచ్చుక వేలు పట్టుకుంది. "ఆ రోజుల్లో ఈ నేల ఎప్పుడూ మూలగలేదు. ఇప్పుడు వచ్చిన రోజునుంచీ రాత్రీ పగలూ మూలిగింది. నా కొడుకు కనపడకుండా పోయిన మర్నాడు ఆగిపోయింది. వాణ్ణి మింగి కడుపు నిండిందేమో దీనికి."

గొడుగమ్మ గబుక్కున తల ఎత్తింది. "ఆగిపోయిందా? నిన్నా?"

"నిన్న పొద్దున."

గొడుగమ్మ చూపు జీపు మీద పడింది. లేచి, మోకాళ్ళు పట్టుకుని, జీపు దగ్గరికి నడిచింది. ఆఫీసరు అడ్డుపడేలోపే గొడుగు కొనతో వెనక పరదా ఎత్తింది. లోపల ఇద్దరు మనుషులు కూర్చున్నారు. ముంజేతులనిండా నల్ల గ్రీజు. వాళ్ళ కాళ్ళ దగ్గర మనిషి చెయ్యంత పొడుగు పైపు రెంచీలు, రబ్బరు వాషర్లు, ఒక చుట్ట జనపనార.

"ఏం బాబూ, మీరు ఫిట్టర్లు కదూ?"

వాళ్ళు ఆఫీసరు వైపు చూశారు. వాళ్ళ గ్రీజు చేతులే జవాబు చెప్పాయి.

గొడుగమ్మ వెనక్కి తిరిగింది. ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. "దాహంతో చస్తున్న కుటుంబాన్ని రక్షించడానికి వచ్చారు మీరు. మంచినీళ్ళ సీసా తేలేదు. డాక్టర్ని తేలేదు. రొట్టెముక్క తేలేదు. పైపులు బిగించేవాళ్ళని తెచ్చారు! చుక్క నీళ్ళు లేని ఊళ్ళో పైపులెక్కడివయ్యా?"

"అది కంపెనీ విషయం."

"వీళ్ళ కోసం రాలేదు మీరు. వీళ్ళు చచ్చినా మీకు తెలిసేది కాదు, తెలిసినా వచ్చేవాళ్ళు కాదు. నిన్న పొద్దున ఏదో ఆగింది. అది ఆగబట్టి పరిగెత్తుకొచ్చారు. దాన్ని బాగుచెయ్యాలంటే చూసేవాళ్ళు ఉండకూడదు, అందుకని జీపెక్కండి, జీపెక్కండి! పద అమ్మాయ్, గిడ్డంగి ఎక్కడ?"

"గిడ్డంగిలోకి వెళ్ళడానికి వీల్లేదు!" అని అరిచాడు ఆఫీసరు. అరిచాక నాలిక కరుచుకున్నాడు. గొడుగమ్మ గిడ్డంగి ఎక్కడని అడిగిందే గానీ, పైపులకీ దానికీ ముడిపెట్టలేదు. ఆయనే కలిపాడు.

ఆ అమ్మాయి పనిముట్లన్నీ సంచీలో వేసుకుని ముందు నడిచింది. గిడ్డంగి మొదటి వీధి మొదట్లో ఉంది, ఒకప్పుడు కూలీలకి సరుకులిచ్చిన చోటు. దారిలో లారీ కోసం సిద్ధంగా పెట్టిన తలుపుల దొంతరలు గొడుగమ్మ కంటపడ్డాయి. ప్రతి తలుపూ పక్కమీద పడుకుని ఉంది, మడతబందులున్న అంచు కిందకి, గడియ ఉన్న అంచు పైకి. రెండేసి తలుపుల మధ్య పాత గుడ్డ మడిచి పెట్టారు, రంగు రాపిడి పడకుండా. పిల్లల్ని పడుకోబెట్టినంత ముద్దుగా ఉన్నాయి.

"అన్నీ ఇలాగే పెడతారా?"

"అన్నీ ఇంతే. పాత తలుపుని కాలిమీద నిలబెడితే అడుగు చీలుతుంది, బరువుకి వంకర పోతుంది. మా మామగారి కాలంనుంచీ పక్కమీదే."

గిడ్డంగి గుమ్మంలో గొడుగమ్మ ఆగింది. లోపల చీకటి. కళ్ళు అలవాటు పడేదాకా నిలబడింది. ఎదురుగా వెనక గోడ పొడుగునా తలుపులు. ఒకదాని మీద ఒకటి చేరేసి ఉన్నాయి.

"అమ్మాయ్, ఇవి నువ్వు పెట్టినవేనా?"

ఆ అమ్మాయి చూసింది. ఒక అడుగు ముందుకేసి మళ్ళీ చూసింది. గుండెమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో... నేను చూసుకోనేలేదు. ఏడుస్తూ గుమ్మంలోంచే వెళ్ళిపోయాను. ఇవి నిలబడి ఉన్నాయి!"

నిజమే. అన్నీ కాళ్ళమీద నిలబడి ఉన్నాయి. గుడ్డలు లేవు. ఆ ఇంటి మనిషి చేతి పని కాదది. ఎవడో హడావిడిగా ఎత్తి గోడకి చేరేశాడు.

"పడుకున్నవాటిని లేపి ఎందుకు నిలబెట్టాడు?" అంది గొడుగమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు. "పడుకుంటే నడుమెత్తే వస్తాయి. నిలబడితే మనిషి కన్నా ఎత్తు. వెనకాల మనిషి కన్నా ఎత్తున్నదాన్ని ఏదో కప్పాలి వాడికి."

"ముట్టుకోకండి!" ఆఫీసరు గుమ్మానికి అడ్డంగా వచ్చాడు. "కంపెనీ ఆస్తి. కేసు పెడతాను."

"తలుపులు వీళ్ళు కొన్నవి, అమ్మింది మీరే. గోడ మీది. మేం గోడని ముట్టుకోం, సరేనా?"

ఆ అమ్మాయి అప్పటికే మొదటి తలుపు దగ్గరికి వెళ్ళింది. బరువైన తలుపుని ఎత్తే ప్రయత్నం చెయ్యలేదు. ఒక మూల మీద తిప్పి, రెండో మూల మీద తిప్పి, మనిషిని నడిపించినట్టు నడిపించింది. మొదటిది కదిలింది. రెండోది కదిలింది. అత్తగారు వచ్చి అవతలి అంచు పట్టింది. మూడోది కదిలింది.

తరవాతిది కదల్లేదు.

ఆ అమ్మాయి భుజం ఆనించి నెట్టింది. ఉలకలేదు, పలకలేదు. గొడుగమ్మ కళ్ళజోడు పైకి నెట్టుకుని వంగి చూసింది. పైన చట్రం, పక్కన చట్రం. మడతబందులకి నూనె తడి. కింద కొత్త ఇనుప గడియ, బయటివైపు వేసి ఉంది.

"ఇది చేరేసింది కాదు" అంది మెల్లగా. "బిగించి ఉన్నది. తలుపుల మధ్య దాచిన తలుపు."

ముసలావిడ వంగి, చెక్కమీద అరిచేత్తో రెండుసార్లు కొట్టింది. "నాయనా?"

లోపలినుంచి కొట్టిన చప్పుడు. తరవాత గొంతు, బొంగురుగా: "గడియ ఒక్కటే కాదు... కింద మేకు దిగ్గొట్టాడు. ముందు దాన్ని లాగండి. చెక్క చీలుతుంది, జాగ్రత్త."

"చూశారా!" అని ఏడుస్తూ, నవ్వుతూ అరిచింది పెళ్ళాం. "సమాధిలోంచి కూడా పని చెప్తాడు ఈయన! చీలితే చీలనీ!" పట్టకారుతో మేకుని ఒక్క లాగు లాగి, గడియ తీసింది.

తలుపు తెరుచుకుంది. తలుపులాయన గడప మీద కూలబడ్డాడు. రెండు రోజుల గడ్డం, ఆకలితో లోపలికి పోయిన కళ్ళు. పిచ్చుక పరిగెత్తి వెళ్ళి మెడకి చుట్టుకుని, వెంటనే వదిలి, తన గౌను చూసుకుంది.

"నాన్నా, నువ్వు తడిగా ఉన్నావు."

అవును. చొక్కా, లుంగీ, జుట్టు, అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. నీటిచుక్క లేదని జనం వదిలి పోయిన ఊళ్ళో ఆ మనిషి నీళ్ళు కారుతూ కూర్చున్నాడు.

"మంచి తలుపు కోసం వెనక వరసలు జరుపుతుంటే, పాత గోనెపట్టా చాటున ఇది తగిలింది" అన్నాడు ఆగి ఆగి. "తెరిస్తే మెట్లు. కంపెనీ పైన కప్పు వేసి మూసేసిన ఊరి బావిలోకే. మెట్ల కింద మోటారు. దాని కాపలావాడు వెనకనుంచి నెట్టి గడియేశాడు. ఎంత కొట్టినా మోటారు చప్పుడులో నా కేక ఎవరికి వినపడుతుంది? అందుకని రాయి పెట్టి పైపు జాయింటు ఊడగొట్టాను. మీద పడి తడిపేసింది, ఇప్పటికీ కారుతూనే ఉంది. నీళ్ళు ఆగితే మోటారు ఆపుతారు, ఎవడో ఒకడు రాకపోతాడా అని."

"పైపు ఎటు పోతోంది?" అడిగింది గొడుగమ్మ.

"కంపెనీ కొత్త ఫ్యాక్టరీ వైపు."

ముసలావిడ ఇంకా కొడుకు చొక్కా పట్టుకునే ఉంది. అంచు పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. వాటిని చూస్తూ అడిగింది, "బావిలో ఎంతున్నాయిరా?"

"మూడో మెట్టు దాకా ఉన్నాయమ్మా. చేత్తో ముంచుకోవచ్చు. ఇది ఇప్పుడు ఊరింది కాదు. గోడకి పాచి గీత చూశాను. ఈ బావి ఎప్పుడూ ఎండలేదు."

"అయితే ఆ రోజూ ఉన్నాయి" అంది ముసలావిడ. "మైకులో చెప్పిన రోజూ ఉన్నాయి. నా పిల్ల అడిగిన రోజూ ఉన్నాయి."

ఆఫీసరుతో అనడానికి గొడుగమ్మ దగ్గర చాలా ఉంది. గిర్రున తిరిగింది. గుమ్మంలో ఆయన లేడు. బయటినుంచి బుస్సుమని పాము బుసకొట్టినట్టు చప్పుడు. ఆవిడ పరిగెత్తే వయసు దాటిపోయినా పరిగెత్తింది. కారు నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి. జీపు అప్పటికే కదిలింది.

"తప్పు మీదే గొడుగమ్మగారూ!" అని కేకేశాడు ఆఫీసరు కిటికీలోంచి. "సాయంత్రానికి వెళ్ళిపోమన్నాను. ఇప్పుడు పదిమందిని తీసుకుని వస్తాను. మీరు రాలేదు, వీళ్ళు లేరు. ఈ ఊళ్ళో ఎవరూ లేరు!"

ఇసుక మేఘంలో జీపు మాయమైంది. గొడుగమ్మ ఫోను తీసి చూసింది. సిగ్నలు లేదు. గిడ్డంగిలోకి తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచి లాభం లేదు. "చీకటి పడే లోపు వస్తారు. వచ్చి ముందు ఆ తలుపు మూస్తారు. మనల్ని అటువైపు పెట్టి మూస్తారు."

తలుపులాయన భార్య పిల్లని దగ్గరికి లాక్కుంది. ముసలావిడ వంగి, సంచీలోని ఉలి తీసి, కొంగుతో తుడిచి, కొడుకు చేతిలో పెట్టింది.

"లేవగలవా?"

"లేస్తానమ్మా."

"అయితే ముందు ఆ తలుపు ఊడదియ్యి. చట్రంతో సహా. ఇంకెవడూ దీన్ని మళ్ళీ మూయకూడదు."